ఛాయను చదువు యంత్రము

హైదరాబాదునకు ఉత్తరముగా, మేడ్చల్ మండలమునందు రావల్కోల్ అను గ్రామము కలదు. అచ్చటినుండి ఒక రైతు రెండు వారముల దగ్గుతో వైద్యునికొరకు బయలుదేరినాడనుకొందము. ఆ ప్రాంతముననే, ఘన్‌పూరులో, మెడిసిటీ వైద్య కళాశాల ఉన్నది; నగరమునకు పోయినచో ఎర్రగడ్డ ఛాతీ వైద్యశాల ఉన్నది. ఎక్స్‌రే పటము తీయుటకు కొద్ది నిమిషములు చాలును. చిక్కంతయు దానిని చదువుటలోనే ఉన్నది.

ఎక్స్‌రే పటమనగా నిజమునకు ఒక నీడ. 1895లో రాంట్జెన్ కనుగొన్న కిరణములు గాలితో నిండిన ఊపిరితిత్తిని సులువుగా దాటిపోవును. కావున అది పటముపై నల్లగా కనబడును. ఎముకలు, గుండె ఆ కిరణములను అడ్డగించి తెల్లగా కనబడును. క్షయ సోకినచోట మబ్బుతునకవంటి తెలుపు తోచును. ఆ తునక ఒక్కొక్కప్పుడు ప్రక్కటెముక చాటున దాగును. ఎన్నడో మానిపోయిన వ్యాధి మచ్చయు ఇంచుమించు అట్లే ఉండును.

రావల్కోల్‌కు మదనపల్లె బహుదూరమే. కాని పల్లెజనుల ఊపిరితిత్తుల ఛాయలను చదువుటలో తెలుగువారి పాత అనుభవము అచ్చటిది. మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరము శానిటోరియం వైద్యులు, యోహానెస్ ఫ్రిమోట్-మొల్లర్ నాయకత్వమున, 1950–55 నడుమ చుట్టుప్రక్కల గ్రామములవారికి చిన్న పరిమాణపు ఎక్స్‌రే పటములు తీసి పరీక్షించిరి. వేలకొలది పటములు! ప్రతిదానిని మానవనేత్రమే చూడవలెను. అంతకుముందే, 1949లో, అనుభవజ్ఞులు సైతము రోగచిహ్నమున్న పటములలో సుమారు 30 శాతమును గుర్తింపలేకపోవుచున్నారని అమెరికా వైద్యుడు గార్లాండు ప్రకటించెను. ఉపాధ్యాయులకు ఇది వింతగా తోచదు. నూరవ జవాబుపత్రము దిద్దునప్పటి కన్ను మొదటి పత్రము దిద్దినప్పటి కన్ను కాదు గదా!

అలసట యెరుగని కన్ను నేడు కంప్యూటరు రూపమున వచ్చినది. వైద్యుల తీర్పులతోసహా లెక్కకు మించిన పటములను దానికి చూపుదురు. అది తన తప్పును తానే లెక్కించుకొనుచు, లోపలి అంకెలను కొద్దికొద్దిగా సవరించుకొనును. పిమ్మట క్రొత్త పటము చూపగనే అనుమానపు చోటును రంగుతో గుర్తించి, రోగచిహ్న మెంతవరకు ఉండవచ్చునో ఒక అంకెలో తెలుపును. ముంబయిలోని క్యూర్.ఏఐ సంస్థ సిద్ధపరచిన క్యూఎక్స్ఆర్ ఇట్టిదే. 15 ఏండ్లు నిండినవారిలో క్షయను వెదకుటకు ఇట్టివాటిని వాడవచ్చునని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021 మార్చిలో అంగీకరించెను. 2019–21 జాతీయ సర్వేలో తేలిన సంగతి మరింత తీవ్రమైనది: ఎక్స్‌రే తీయకున్నచో 42.6 శాతము క్షయరోగులు లెక్కకు అందకపోయెడివారట! దగ్గువంటి లక్షణములు లేకనే వ్యాధిని మోయుచున్నవారు వీరు. 2024 డిసెంబరు 7న దేశమున మొదలైన నూరు దినముల క్షయ ఉద్యమములో, చేతితో మోయదగిన ఎక్స్‌రే యంత్రములు ఈ కంప్యూటరు తోడుతో జనులయొద్దకే పోయినవి.

అయినను యంత్రమునకు దొంగచదువు అలవడవచ్చును. న్యుమోనియాను గుర్తింప నేర్చిన యంత్రములను అమెరికాలో పరీక్షించి, 2018లో పండితులు ఒక సంగతి వెల్లడించిరి. పటము ఏ ఆసుపత్రినుండి వచ్చినదో అవి పసిగట్టగలవు. ఆ యెరుక తీర్పులోనికిని చొరబడును! క్రొత్త ఆసుపత్రి పటములముందు వాని నేర్పు తరచు తగ్గినది. పాఠము చదువక, ప్రశ్నపత్రము కూర్చిన అయ్యవారెవరో కనిపెట్టి జవాబు వ్రాయు విద్యార్థిని చూడనివారెవ్వరు?

ఇంతకును, ఏ అంకె దాటినచో అనుమానింపవలెనను గీతను గీయువారు మనుష్యులే. గీతను దించినచో, మానిన మచ్చ గల వృద్ధుడుకూడ మరల పరీక్షలకు తిరుగవలెను. ఎత్తినచో, నిజమైన రోగి ఇంటికి పోయి తనవారికి అంటించును. ఆరోగ్యవంతుల నవ్యథగా విడిచి, రోగులనందరిని పట్టగల గీత ఇంతవరకు లేదు.

కనుక ఆ రైతు పటముపై యంత్రము ఎంత గట్టిగా అనుమానము తెలిపినను, ఆ మాటమీదనే మందు మొదలుపెట్టరాదు. అతని కఫమును ట్రూనాట్ వంటి పరీక్షకు పంపుదురు. క్షయక్రిమి జాడ అందులో కొద్ది గంటలలో తెలియును. దొరకినచో సాధారణముగా ఆరు మాసముల చికిత్స. దొరకకున్నచో, పటమును మరల ముందుంచుకొని, రైతును దగ్గర కూర్చుండబెట్టుకొని, జ్వరమెన్నాళ్ళనుండి, బరువెంత తగ్గినది, ఇంటిలో మరెవరికైన దగ్గున్నదా అని వైద్యుడు మొదటినుండి అడుగవలెను.