కిటికీ చుట్టూ పట్టీ: ముందు గోడ తడి చూడండి

ఇంటి పనులన్నీ ముగిసి, రంగులు ఆరి, పరదాలు వేసుకున్న తరువాత కూడా కొన్ని గదులలో కిటికీ ఒక్కటే అసంపూర్తిగా కనిపిస్తుంది. పాత కొయ్య కిటికీలు తీసివేసి యూపీవీసీ కిటికీలు బిగించుకున్న ఇండ్లలో ఇది మరీ ఎక్కువ. పాత చట్రం పీకినప్పుడు ఊడిన ప్లాస్టరును సిమెంటుతో పూడ్చి, లప్పం పెట్టి, రంగు వేస్తారు. అయినప్పటికీ చట్రానికీ గోడకూ నడుమనున్న ఆ వంకర గీత దాగదు. చుట్టూ ఒక అలంకార పట్టీ కొట్టిస్తే బాగుంటుందా, దానికోసం గోడ మళ్లీ పగలగొట్టాలా అని మమ్మల్ని అడిగేవారు ఉన్నారు. పాఠాలు చెప్పే మౌల్వీని కిటికీల సంగతి అడగడం విడ్డూరమే! కానీ మదరసా భవనం మరమ్మతులు ఏళ్ల తరబడి దగ్గరుండి చేయించిన వారికి వడ్రంగుల మాటలు, తాపీ మేస్త్రీల మాటలు కొంత వంటబడతాయి.

గోడ పగలగొట్టనక్కరలేదు. వడ్రంగులు బీడింగ్ అని పిలిచే ఈ పట్టీని పూర్తయిన గోడ మీదనే బిగించవచ్చు. నాలుగు అడుగుల వెడల్పు, నాలుగు అడుగుల ఎత్తు గల కిటికీకి మూడంగుళాల పట్టీ చుట్టూ వేయాలంటే సుమారు 18 అడుగులు పడుతుంది; కోతల వృథా కలుపుకొని 20 అడుగులు తెచ్చుకోవాలి. కింద గ్రానైటు గట్టు ముందుకు వచ్చి ఉంటే మూడు వైపులే చాలు, 14 అడుగులతో సరిపోతుంది. ఒక్క రోజు పని. అయితే ఆ ఒక్క రోజుకు ముందు చేయవలసిన పరీక్షనే చాలామంది వదిలివేస్తున్నారు.

దక్కనులో కిటికీలను, కమానులను అలంకరించడం కొత్త సంగతి కాదు. 1591 నాటి చార్మినార్ మీద, హైదరాబాదులోని పైగా సమాధుల మీద సున్నపు గచ్చుతో తీర్చిన నగిషీ నేటికీ చూడవచ్చు. గచ్చు గోడతో కలిసిపోయే పదార్థం. లోపలి తడిని కొద్దికొద్దిగా బయటికి వదులుతుంది. మనం నేడు కొట్టించే కొయ్య పట్టీ అటువంటిది కాదు. అది గోడకు మూతవలె పడుతుంది. గోడ పొడిగా ఉంటే చింత లేదు. తడిగా ఉంటే ఆ తడి పట్టీ వెనుక చిక్కుకొని బూజును, చెదలను పెంచుతుంది.

మాకు తెలిసిన ఒక ఇంట పెండ్లి తొందరలో వేసవిలో పట్టీలు కొట్టించారు. చూసినవారంతా మెచ్చుకున్నారు. వర్షాకాలం గడిచేసరికి ఒక మూల పట్టీ ఉబ్బి లేచింది. విప్పి చూస్తే వెనుక నల్లటి బూజు, పైకి పాకుతున్న చెదల మట్టి గీత. ఆ గదిలోనే పడుకునే వృద్ధురాలికి అప్పటికి రెండు నెలలుగా దగ్గు తగ్గడం లేదు. దగ్గుకు బూజే కారణమని మేము చెప్పలేము గానీ, ఉబ్బసం ఉన్నవారికి, పసిపిల్లలకు, ముసలివారికి బూజు పట్టిన గది మంచిది కాదన్నది వైద్యులు చెప్పే మాటే. పట్టీ విప్పిన వడ్రంగి పెద్దవాడు. “మౌలానా గారూ, కొయ్యకు రోగం లేదండీ, గోడకు ఉంది. గోడకు మందు వేయకుండా నా చేత పట్టీ కొట్టించకండి” అన్నాడు.

పరీక్ష తేలికే. అడుగు పొడవు, అడుగు వెడల్పు గల పలుచని ప్లాస్టిక్ కాగితాన్ని కిటికీ పక్కన గోడకు నాలుగు అంచులా టేపుతో గాలి చొరకుండా అంటించి, ఒకటి రెండు రోజులు ఉంచండి. కాగితం లోపలి వైపు నీటి చెమ్మ చేరితే తడి గోడలో నుండి వస్తున్నది. వర్షాకాలంలో చేస్తే ఈ పరీక్ష మరింత నమ్మదగినది. తడి ఉన్నట్లయితే బయటికి వెళ్లి చూడాలి. సన్‌షేడ్ అడుగున నీరు జారిపడేందుకు గాడి ఉన్నదా? కిటికీ గట్టు వాలు బయటికి ఉన్నదా, లోపలికి ఉన్నదా? చట్రానికీ గోడకూ మధ్య సందు సిలికాన్‌తో మూసి ఉన్నదా? చాలా ఇండ్లలో తప్పు ఈ మూడింటిలోనే దొరుకుతుంది. సరిచేసిన తరువాత గోడ ఆరడానికి కొన్ని వారాలు పడుతుంది, ఓపిక పట్టాలి.

ఇల్లు అమ్మకానికో అద్దెకో పెట్టేముందు ఇటువంటి మచ్చల మీద పట్టీలు కొట్టించే ఆనవాయితీ కూడా కనిపిస్తున్నది. ధాన్యపు రాశి అడుగున తడిని దాచిన వ్యాపారి సంగతి మన పాఠకులకు తెలిసినదే. ఇక్కడా దాస్తున్నది తడినే.

ఇక కొయ్య సంగతి. టేకు ఉత్తమం, ధర ఎక్కువ. బాగా ఎండిన వేప చౌక, చెదలను కొంత తట్టుకుంటుంది. ఎండీఎఫ్ పట్టీలు చూడ ముచ్చటగా ఉంటాయి గానీ నీరు తగిలితే ఉబ్బి మళ్లీ యథాస్థితికి రావు; కోస్తా జిల్లాల ఇండ్లకు మేము వాటిని సిఫారసు చేయము. ఏ కొయ్య అయినా బిగించకముందే నాలుగు వైపులా, కోసిన కొనలకూ ప్రైమర్ పూయించాలి. ముఖం ఒక్కటే రంగు చూసి, వీపు పచ్చిగా ఉన్న పట్టీ వెనుకనుండి తేమ పీల్చి వంగుతుంది.

బిగించే ముందు కిటికీని మూల నుండి మూలకు రెండు విధాల కొలవండి. రెండు కొలతలూ సమానం కాకపోతే కిటికీ మూలమట్టానికి లేదని అర్థం. అందుకే పట్టీని చట్రం అంచుకు సరిగ్గా కలపక పావు అంగుళం వెనక్కి జరిపి వేస్తారు. ఆ సన్నని అంచు వంకరను కంటికి తెలియనీయదు. మూలల వద్ద 45 డిగ్రీల కోత అందంగా ఉంటుంది, కానీ ఎండాకాలంలో కొయ్య కుంచించుకొని ఆ అతుకు నోరు తెరుస్తుంది. నిలువు పట్టీలు రెండూ తిన్నగా కోసి, వాటి నెత్తిన అడ్డ పట్టీని ఇరువైపులా అర అంగుళం బయటికి వచ్చేలా పెట్టడమే మాకు నచ్చిన పద్ధతి. దోమతెర రెక్క లోపలికి తెరుచుకునేదైతే, పట్టీ మందానికి అది పూర్తిగా తెరుచుకుంటుందో లేదో ముక్క పెట్టి చూడండి.

రంగు వేసిన గోడకు జిగురు ఒక్కటే నిలవదు. అది పట్టుకునేది రంగును, రంగు ఊడితే పట్టీ ఊడుతుంది. మేకులు కొడితే ప్లాస్టరు చిట్లుతుంది. గిట్టీలు వేసి, ప్లాస్టరు దాటి ఇటుక వరకు చేరే రెండున్నర అంగుళాల స్క్రూలు బిగించాలి. డ్రిల్లు పెట్టేముందు దగ్గరలోని స్విచ్ బోర్డు చూడండి. దాని పైనా పక్కనా గోడలోపల వైర్ల గొట్టం పోతూ ఉండవచ్చు. ఆ చోట రంధ్రం వేయకండి, పని జరుగుతున్నంతసేపూ మెయిన్ ఆపించి, డ్రిల్లుకు వేరేచోటి నుండి కరెంటు తెచ్చుకోవాలి. స్క్రూ తలలను లోపలికి దించి లప్పంతో మూయాలి. పట్టీకీ గోడకూ మధ్య సందును రంగు పట్టే ఆక్రిలిక్ పూతతో నింపాలి. మామూలు సిలికాన్ మీద రంగు నిలవదు.

అద్దె ఇంట్లో ఉన్నవారికి, చేతిలో సొమ్ము తక్కువ ఉన్నవారికి ఇంతకంటె చౌక మార్గం మన పల్లెల్లో ఎప్పటి నుండో ఉన్నది. కిటికీ చుట్టూ మూడంగుళాల మేర గోడకే వేరే రంగు వేయడం. కాగితపు టేపు రెండు వరుసలు అంటించి, గోడ రంగుకంటె ఒక వన్నె ముదురు రంగు రెండు పూతలు వేసి, రెండవ పూత పూర్తిగా ఆరకముందే టేపు లాగివేస్తే అంచు కత్తితో కోసినట్లు వస్తుంది. పరదా కడ్డీ బ్రాకెట్లను మాత్రం ముందే విప్పి పెట్టుకోండి.