చావాల్సిన కణాన్ని చావనివ్వదు.. క్యాన్సర్ తెచ్చే ఈ వైరస్ ఏం చేస్తుందో తెలుసా?

మన ఒంట్లోని కణాల్లో ఒక 'చావు బటన్' ఉంటుంది. డీఎన్‌ఏ బాగా దెబ్బతిన్నా, లోపలికి వైరస్ దూరినా కణం తనను తానే చంపేసుకుంటుంది. దీన్నే అపాప్టోసిస్ అంటారు. ఆ బటన్ పనిచేయకుండా చేసే వైరస్సే హెచ్‌టీఎల్‌వీ-1.

1980లో అమెరికాలో రాబర్ట్ గాలో టీమ్ దీన్ని బయటపెట్టింది. హెచ్‌ఐవీకి దూరపు చుట్టం. ఇద్దరి టార్గెట్టూ ఒకటే.. రోగనిరోధక వ్యవస్థలోని టీ-కణాలు. కాకపోతే హెచ్‌ఐవీ వాటిని చంపేస్తుంది, ఇది చావనివ్వదు. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

ఎలాగంటే.. వైరస్ తన జన్యువులను టీ-కణం డీఎన్‌ఏలో కలిపేశాక 'ట్యాక్స్' అనే ప్రోటీన్ తయారవుతుంది. (మనం కట్టే ట్యాక్స్ కాదు లెండి!) ఇది ఎన్‌ఎఫ్-కప్పా బీ అనే స్విచ్‌ను ఆన్ చేసి, ఆఫ్ కానివ్వదు. దాంతో బీసీఎల్-ఎక్స్ఎల్, సర్వైవిన్ లాంటి ప్రోటీన్లు పెరిగిపోతాయి. చావు సిగ్నల్‌ను అడ్డుకోవడమే వీటి పని. చెడిపోయిన కణాలను ఆపాల్సిన పీ53 ప్రోటీన్‌కూ ట్యాక్స్ పగ్గాలు వేస్తుంది.

ఇక్కడే ఓ ట్విస్ట్. ట్యాక్స్ కనిపిస్తే చాలు, మన కిల్లర్ టీ-కణాలు వచ్చి దాడి చేస్తాయి. అందుకే చాలా క్యాన్సర్ కణాల్లో ట్యాక్స్ ఉత్పత్తి ఆగిపోయి ఉంటుంది. మరి కణం బతికేదెలా? హెచ్‌బీజెడ్ అనే ఇంకో వైరస్ జన్యువు ఉంది. ఇది పెద్దగా కంటపడకుండా, కణాన్ని చావు వైపు నెట్టే 'బిమ్' ప్రోటీన్‌ను తగ్గించేస్తుంది.

ఇలా బతికిపోయిన కణాలు ఏళ్ల తరబడి విభజన చెందుతూ, తప్పులు పోగేసుకుంటాయి. చివరికి అడల్ట్ టీ-సెల్ లుకేమియా వస్తుంది. నైరుతి జపాన్‌లో ఈ జబ్బు ఎక్కువ. 1977లో దీన్ని ప్రత్యేక వ్యాధిగా గుర్తించిందీ జపాన్ డాక్టర్లే.

వైరస్ ఉన్నవాళ్లందరికీ క్యాన్సర్ వస్తుందా? రాదు. దాదాపు 5 శాతం మందికే, అదీ చాలావరకు దశాబ్దాల తర్వాత. తల్లిపాలు, లైంగిక సంబంధం, రక్తం ద్వారా ఇది సోకుతుంది. జపాన్ 1986లోనే రక్తదాతలకు పరీక్షలు మొదలుపెట్టింది. నాగసాకిలో 1987 నుంచి, వైరస్ ఉన్న తల్లులు బిడ్డలకు తమ పాలు పట్టకుండా డబ్బా పాలు వాడేలా చూస్తున్నారు. వ్యాక్సిన్ మాత్రం ఇంకా లేదు.

ట్రీట్‌మెంట్ కష్టమయ్యేదీ ఈ మొండితనం వల్లే. కీమోథెరపీ మందులు చాలావరకు ఆ చావు బటన్‌నే నొక్కుతాయి మరి. అందుకే 2012లో జపాన్ అనుమతిచ్చిన మొగాములిజుమాబ్ రూటు మార్చింది. కణం మీదుండే సీసీఆర్4 అనే గుర్తును పట్టుకుని, దాన్ని చంపడానికి బయటి నుంచి రోగనిరోధక కణాలను పిలుస్తుంది.