పడిశమా, పీనసమా? నేతపనివారు దినములు లెక్కించి తెలిసికొనవలసిన వ్యాధి

వానలు పట్టినది మొదలు చలి తగ్గువరకు మన సొసైటీలకు బట్ట ఆలస్యముగా వచ్చుట వాడుకయే. కారణమడిగినచో "పడిశము, తలనొప్పి, మగ్గము మీద వంగలేకున్నాను" అను సమాధానము వచ్చును. జ్వరముతో మంచము పట్టినవానిని ఇంటివారు డాక్టరు వద్దకు తీసికొనిపోవుదురు గాని, పడిశమునకు పోవువారెవరు? మందుల దుకాణములో నాలుగు బిళ్ళలు కొని మ్రింగి, మరల మగ్గపు గుంటలో కాళ్ళు పెట్టుటే మనవారి అలవాటు. ఈ పడిశము కొందరికి వారము దినములలో పోవుచున్నది. మరికొందరికి ఏండ్ల తరబడి పోవుట లేదు. ఈ రెండును ఒకే వ్యాధి కావనియు, ఒకదానికి ఓర్పు మందైతే రెండవదానికి విచారణ మందనియు చెప్పుటకే ఈ వ్యాసము.

మేము వైద్యులము కాము. సొసైటీ లెక్కలు వ్రాయువారము. అయినను వైద్యశాస్త్రము నేడు నిశ్చయముగా చెప్పుచున్న సంగతులను మన భాషలో మనవారికి అందించుట సంఘము పనియని తలంచి వ్రాయుచున్నాము.

ముఖములోని గాలిగదులు

మన ముఖపుటెముకలలో నాలుగు జతల గాలిగదులు కలవు. చెక్కిళ్ళ వెనుక ఒక జత, కనుబొమల పైన నొసటిలో ఒక జత, రెండు కన్నుల నడుమ చిన్న చిన్న అరలుగా ఒక జత, ముక్కుకు బాగుగా వెనుక తలలోపల ఒక జత. వీటినే డాక్టర్లు సైనసులందురు. వీటి లోపలి తడిపొర ఎల్లప్పుడును చీమిడిని ఊరించుచుండును. ఆ పొరపై కంటికి కానరాని సన్నని నూగు ఉన్నది. అది ఎడతెగక కదలుచు, చీమిడిని అందులో చిక్కిన దుమ్ముతో సహా సన్నని ద్వారముల గుండా ముక్కులోనికి నెట్టుచుండును.

ఇందు ఒక చిక్కు ఉన్నది. చెక్కిలి గది ద్వారము అడుగున లేదు, పై భాగమున ఉన్నది. కుండకు చిల్లు అడుగున ఉన్నచో నీరు తనంత తానే కారిపోవును. మెడ వద్ద ఉన్నచో ఎవరైన తోడిపోయవలెను. ఆ తోడు పనిని నూగు చేయుచున్నది. జలుబు వలన ద్వారము వాచి మూసికొన్నను, నూగు పని మందగించినను చీమిడి లోపలనే నిలిచిపోవును. అప్పుడు పొర వాచును. దీనినే డాక్టర్లు సైనసైటిస్ అందురు. మన పెద్దలు ఇట్టి వ్యాధులను పీనసము అనిరి. తమిళులు పీనిసమనియు, కన్నడిగులు పీనస యనియు దాదాపు ఆ మాటనే వాడుదురు గనుక, సేలములో గాని ఇల్కల్లులో గాని డాక్టరుకు చెప్పుకొనుటకు మనవారు జంకనక్కరలేదు.

హఠాత్తుగా వచ్చినది: పది దినముల లెక్క

హఠాత్తుగా వచ్చి నాలుగు వారములలోపుగా తగ్గిపోవునది మొదటి రకము. ముక్కు దిబ్బడ, చిక్కని చీమిడి, చెక్కిలిలోనో నొసటిలోనో నొప్పి, వంగినప్పుడు ముఖము బరువెక్కుట, వాసన తెలియకపోవుట దీని లక్షణములు. దీనికి మిక్కిలి తరచుగా కారణము జలుబు తెచ్చు వైరసులే. పెద్దవారిలో నూటికి ఇద్దరికి మించి ఇది బాక్టీరియా వ్యాధిగా మారదని వైద్యుల అంచనా. ఆంటీబయాటిక్ బిళ్ళలు బాక్టీరియాను చంపునే గాని వైరసును ఏమియు చేయలేవు. కావున తొలి మూడు నాలుగు దినములలో దుకాణములో కొను ఆ బిళ్ళల వలన డబ్బు పోవుటయే గాక, కడుపు చెడును. ముందు ముందు నిజముగా అవసరమైననాడు అవి పనిచేయకుండపోవు ప్రమాదము కూడ కలదు.

చీమిడి పసుపుపచ్చగానో ఆకుపచ్చగానో మారినంత మాత్రమున ఆంటీబయాటిక్ అవసరమని అనుకొనరాదు. మామూలు జలుబులోను రంగు మారును. చూడవలసినవి మూడు గుర్తులు. మొదటిది, పది దినములు గడచినను ఏమాత్రము తగ్గకుండుట. రెండవది, తగ్గుముఖము పట్టి మరల ఒక్కసారిగా హెచ్చుట. మూడవది, తొలినుండియే 102 డిగ్రీల జ్వరము, చీము వంటి చీమిడి, ముఖమున నొప్పి మూడు నాలుగు దినములు విడువకుండుట. ఈ మూడింటిలో ఏ ఒకటి యున్నను డాక్టరు వద్దకు పోవలెను. ఆయన తరచుగా అమాక్సిసిలిన్ వంటి మందు వ్రాయును. ఎన్ని దినములు వాడుమనిన అన్ని దినములు వాడవలెను. రెండవనాటికే హాయిగా ఉన్నదని మిగిలిన బిళ్ళలను ప్రక్కింటివారికి ఇచ్చుట తగదు.

ముక్కు దిబ్బడ విడిపించు చుక్కల మందులను గూర్చి ఒక హెచ్చరిక. అవి వేసిన వెంటనే ముక్కు తెరచుకొనును, నిజమే. కాని ఐదు దినములకు మించి వాడినచో మందు విడువగానే ముక్కు మునుపటికంటె గట్టిగా మూసికొనును. అందుకు మరల చుక్కలు, మరల దిబ్బడ. ఇట్లు నెలల తరబడి ఆ సీసాకు బానిసలైనవారున్నారు. రక్తపోటు ఉన్నవారు దిబ్బడకు మ్రింగు బిళ్ళలను డాక్టరు నడుగకుండ వాడరాదు.

విడువనిది: పన్నెండు వారముల లెక్క

పన్నెండు వారములు దాటినను పోనిది రెండవ రకము. ఇందు జ్వరము సాధారణముగా ఉండదు. నొప్పి కూడ కొద్దిగానే ఉండవచ్చును. ముక్కు దిబ్బడ, గొంతులోనికి చీమిడి జారుట, వాసన తగ్గుట మాత్రము విడువవు. కూర మాడిన వాసన తెలియని గృహిణి, రంగుల తొట్టి వద్ద ఘాటు తెలియని పనివాడు ఈ వ్యాధిని అనుమానింపవలెను.

ఇది కేవలము నిలిచిపోయిన జలుబు కాదు. పొరకు దీర్ఘకాలపు వాపు. కారణములు పలు విధములు: దుమ్ము పడకపోవుట, ముక్కులో పెరుగు మెత్తని తిత్తులు, వంకరయైన ముక్కు నడిమి గోడ, బీడీ సిగరెట్ల పొగ, పై దవడ పంటి మూలమున చేరిన చీము. చీమిడి ఒక ప్రక్కనుండియే కారుచు దుర్వాసన కొట్టుచున్నచో పంటి డాక్టరుకు కూడ చూపవలెను. పన్ను బాగుపడనిదే ముక్కు బాగుపడదు.

దీనికి ఐదు దినముల బిళ్ళలతో పని జరుగదు. వాపు తగ్గించు స్టెరాయిడ్ స్ప్రేను డాక్టరు చెప్పిన విధముగా ప్రతిదినము వారముల తరబడి కొట్టుకొనవలెను. మొదటి వారములో గుణము కానరాలేదని మానరాదు. స్ప్రే మొనను ముక్కు నడిమి గోడవైపు గాక ఆ ప్రక్క కంటివైపు త్రిప్పి కొట్టవలెను. దానితోపాటు ఉప్పునీటితో కడుగుట. వీటికి లొంగనిచో సన్నని గొట్టముతో ముక్కు లోపల పరీక్షించి, సి.టి. స్కాను తీసి, అవసరమైన శస్త్రచికిత్స చేయుదురు. పూర్వము పై పెదవి క్రింద కోసి చెక్కిలి ఎముకకు రంధ్రము చేయువారు. 1980ల తరువాత ముక్కు గుండానే దుర్భిణితో చూచుచు, సహజ ద్వారములనే పెద్దవి చేయు పద్ధతి వ్యాపించినది. ఆపరేషన్ అయినను స్ప్రేయు, కడుగుటయు కొనసాగింపవలసియుండును.

తరచు వచ్చు తలనొప్పి అంతయు సైనసు నొప్పి కాదు. 2004లో అమెరికాలో ప్రకటించిన ఒక పరిశీలనలో, తమకు సైనసు తలనొప్పి అని చెప్పుకొన్నవారు సుమారు మూడువేలమందిని పరీక్షింపగా, నూటికి 88 మందికి మైగ్రేను లక్షణములు కనబడినవి. చీమిడి, దిబ్బడ లేక తలనొప్పి మాత్రమే వచ్చువారు ఈ సంగతి డాక్టరు నడుగవలెను.

మన వృత్తికి గల సంబంధము

ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జీని 1700లో పనివారల వ్యాధులపై గ్రంథము ప్రకటించి, నార దువ్వువారిని దుమ్ము పెట్టు బాధలను వర్ణించెను. నేటికిని మన ఇండ్లలో ఆ దుమ్మున్నది. కండెలు చుట్టు స్త్రీలు, పడుగు సవరించువారు, మరమగ్గముల షెడ్డులో తువ్వాళ్ళు నేయువారు దినమంతయు నూలు నూగును పీల్చుచున్నారు. గంజి ఎండి రాలు పొడి దానికి తోడు. అద్దకపు పనిలో బ్లీచింగు పౌడరు నుండి వచ్చు క్లోరిను, హైడ్రోసు నుండి వచ్చు గంధకపు ఘాటు ముక్కు పొరను మంటపెట్టును. రియాక్టివ్ రంగుల పొడి కొందరికి ముక్కు వాపును, ఉబ్బసమును కూడ తెచ్చును. నూలు తెగకుండుటకై గదిని చెమ్మగా ఉంచుట మనకు తప్పదు. ఆ చెమ్మలో గోడలకు బూజు పట్టును, బూజు కూడ పొరకు పడదు.

కావున రోగి తన్ను తాను ఒక ప్రశ్న వేసికొనవలెను: సెలవు దినములలో తగ్గి, పనిలో దిగగానే హెచ్చుచున్నదా? అట్లైనచో డాక్టరుకు తన పని ఏమిటో తప్పక చెప్పవలెను. సెలవు మరునాడు రొమ్ము బిగదీసినచో అది ఊపిరితిత్తుల సంగతి, ఆలస్యము పనికిరాదు.

ఇంట చేయదగినవి

పావు లీటరు నీటికి అర టీస్పూను ఉప్పు, చిటికెడు వంటసోడా కలిపి, తలవంచి నోటితో ఊపిరి తీయుచు, ఒక ముక్కు నుండి పోసి రెండవ దానినుండి విడువవలెను. నీరు తప్పక మరగకాచి చల్లార్చినదై యుండవలెను. 2011లో అమెరికాలోని లూసియానా రాష్ట్రమున కుళాయినీటితో ముక్కు కడుగుకొన్న ఇద్దరు, నీటిలోని అమీబా మెదడుకెక్కి మరణించిరి. పాత్రను ప్రతిసారి కడిగి ఆరబెట్టవలెను.

ఆవిరి పట్టుట వలన కొంత హాయి కలుగును గాని వ్యాధి మానదు. పసిపిల్లల దగ్గర మరుగు నీళ్ళ గిన్నె ఉంచి ఒళ్ళు కాల్చుకొనిన ఇండ్లున్నవి. పిల్లలకు ఆవిరి పట్టరాదు. బీడీ మానుటకు మించిన ఇంటి మందు లేదు.

ఒక్కనాడు కూడ ఆగరాని గుర్తులు

కంటి చుట్టు వాపు, ఒకటి రెండుగా కనబడుట, చూపు తగ్గుట, భరింపరాని తలనొప్పి, మెడ బిగియుట, మగత: వీటిలో ఏదున్నను వెంటనే పెద్దాసుపత్రికి పోవలెను. వ్యాధి కంటికో మెదడుకో ప్రాకుచున్నదని వాటి అర్థము. చక్కెర వ్యాధి గలవారికి చెక్కిలి తిమ్మిరెక్కినను, ముక్కులోనో అంగిటిలోనో నల్లని మచ్చ కనబడినను గంటలు కూడ విలువైనవి. 2021లో కోవిడు వెనువెంట మన దేశమున వ్యాపించిన మ్యూకర్ అను బూజు వ్యాధి ఎందరి కన్నులను, ప్రాణములను హరించినదో మరువరాదు. షోలాపురము, బరంపురము, సేలములలో ప్రభుత్వ వైద్యకళాశాలల ఆసుపత్రులున్నవి. యానామువారికి కాకినాడ దగ్గర. చెవి ముక్కు గొంతు విభాగమని అడిగిన చాలును.

సొసైటీలు చేయదగినవి

పెద్ద ఖర్చు లేని పనులు నాలుగున్నవి. కండెలు చుట్టు చోటును వంటింటి మూలనుండి గాలి వీచు వసారాకు మార్చుట. ఊడ్చుటకు ముందు నేలపై నీళ్ళు చల్లుట, లేదా తడిగుడ్డతో తుడుచుట. అద్దకపు గదికి ఎదురెదురు కిటికీలు పెట్టించి, రంగు పొడిని తూచువారికి సొసైటీ ఖర్చుతో మంచి మాస్కులిచ్చుట. మామూలు గుడ్డ దుమ్మును కొంత ఆపునే గాని ఘాటును ఆపదు. నాలుగవది, పడిశము పట్టిన తేదీని సభ్యుని పాసుపుస్తకములో వ్రాయించుట.

ఈ నాలుగవ పని చిన్నదిగా తోచవచ్చును. కాని డాక్టరు అడుగు మొదటి ప్రశ్న "ఎన్నాళ్ళ నుండి?" అనియే. తేదీ యున్నచో పది దినములకు ముందు వృథాగా బిళ్ళలు మ్రింగువాడును ఆగును. పన్నెండు వారములు దాటినను ఊరకుండువాడును కదలును. వేలకొలది పడుగు పోగులలో ఒకటి తప్పినను కనిపెట్టగల మనకు ఈ రెండు లెక్కలు కష్టము కావు. ప్రతి సొసైటీయు రానున్న వానకారుకు ముందే ఈ పనులకు పూనుకొనగలదని ఆశించుచున్నాము.