బిడ్డ తగాదాలో తల్లి సాక్ష్యం

జంగారెడ్డిగూడెం చుట్టుపక్కల పేటల్లో మన ఆడోళ్లు పొగాకు బ్యారన్ల దగ్గరికీ, పామాయిల్ తోటల్లోకీ కూలికి పోతారు. కొందరు కువైట్ వెళ్లి ఇళ్లల్లో పనిచేస్తారు. మొగుడూ పెళ్లాం విడిపోయి బిడ్డ ఎవరి దగ్గరుండాలనే తగాదా వస్తే తల్లి మీద మూడు మాటలు పడతాయి: ఆస్తి లేదు, బిడ్డనొదిలి గల్ఫ్ పోయింది, నడత మంచిది కాదు. కులాంతర పెళ్లయితే నాలుగోది: ఆ పేటలో పెరిగితే పిల్లోడు పాడైపోతాడు. పెద్దల దగ్గరన్న ఈ మాటలే కోర్టుకీ వస్తాయి. వీటిలో సాక్ష్యం ఎంత?

1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద పిటిషను, బిడ్డ మామూలుగా ఉండే చోటు ఏ జిల్లా కోర్టు కిందికొస్తే అక్కడ వెయ్యాలి. మనకది ఏలూరు. హిందువులకి 1956 చట్టం కూడా ఉంది. అయిదేళ్లలోపు బిడ్డ సాధారణంగా తల్లి దగ్గరుండాలని దాని 6వ సెక్షను చెప్తుంది. చర్చికెళ్లే మనవాళ్లలో చట్టరీత్యా క్రైస్తవులైనవారికి ఇది వర్తించదు, 1890 చట్టమే దిక్కు. ఏ చట్టమైనా చూసేది బిడ్డ క్షేమాన్ని. ఊహ తెలిసిన బిడ్డయితే తన ఇష్టాన్నీ కోర్టు అడగొచ్చు.

మామూలు దావాలో విన్న మాట చెల్లదు, చూసినవాడే వచ్చి చెప్పాలి. 1872 సాక్ష్య చట్టం పోయి 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం వచ్చినా ఈ సూత్రం మారలేదు. అయితే 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టం 14వ సెక్షను, తగాదా తేల్చడానికి పనికొచ్చే ఏ కాయితాన్నైనా, ఏ వాంగ్మూలాన్నైనా తీసుకోవచ్చంది. బిడ్డ తగాదాల్లో కోర్టు సాక్ష్య నియమాలకి గట్టిగా కట్టుబడక్కర్లేదని సుప్రీంకోర్టు కూడా 2008లో చెప్పింది.

ఈ సడలింపు రెండువైపులా పదునున్న కత్తి. అంగన్‌వాడీ రిజిస్టరు, టీకాల కార్డు, బడి ఫీజు రసీదు, కువైట్ నుంచి డబ్బు పంపిన బ్యాంకు పుస్తకం, పంతులుగారి మాట, వీటికి తలుపు తెరుచుకుంటది. అదే తలుపులోంచి పుకారు కూడా దూరుద్ది. కానీ కోర్టు తీసుకున్నంత మాత్రాన అది రుజువైనట్టు కాదు. నడత మీద మాటొస్తే మన లాయరు మూడు ప్రశ్నలు అడగాలి: చూసిందెవరు? ఎప్పుడు? దానివల్ల బిడ్డకి జరిగిన నష్టమేంటి? ఆస్తి మాటకొస్తే, డబ్బొక్కటే బిడ్డ ఎవరి దగ్గరుండాలో తేల్చదని 2008లోనే ఇంకో తీర్పుంది. గల్ఫ్ మాటకి జవాబు బ్యాంకు పుస్తకమే, తల్లి లేనప్పుడు బిడ్డని సాకిన అమ్మమ్మ సాక్ష్యమే.

ఈ కాయితాలకి ఇంకో పనీ ఉంది. కులాంతర పెళ్లిలో బిడ్డకి తండ్రి కులమే వస్తదనే ఊహ ఖాయం కాదని సుప్రీంకోర్టు 2012లో, గుజరాత్‌లో ఒక ఆదివాసీ తల్లి బిడ్డ కేసులో చెప్పింది. తల్లి మనుషుల మధ్యే పెరిగానని, వాళ్లు పడ్డ అవమానాలే తానూ పడ్డానని బిడ్డ సాక్ష్యంతో చూపించుకోవచ్చు. అంటే పేటని తప్పుగా చూపిన నోటికి, ఆ పేట పెంపకమే బిడ్డ హక్కుకి ఆధారమని జవాబు చెప్పొచ్చు.

ఏలూరు దాకా పోకముందే, గృహహింస కూడా ఉంటే 2005 చట్టం 21వ సెక్షను కింద మేజిస్ట్రేటు తాత్కాలికంగా బిడ్డని తల్లికి అప్పగించొచ్చు. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకీ, ఎస్సీ, ఎస్టీలకీ ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరుని ఇవ్వాలి.

మా ఇళ్లల్లో కోర్టు కాయితం చదవగలిగిన మొదటి తరం మేమే. రసీదులు చించి పొయ్యిలో పడేసే అలవాటు మాకు తెలుసు. చదువుకున్న మనం ముందు చేయాల్సింది ఒకటే, తగాదా రాకముందే ఆ కాయితాలు దాచిపెట్టించడం.