మీకు తెలుసా? టెస్టర్ వెలగకపోయినా కరెంటు ఉండొచ్చు

శివనసముద్రం జలవిద్యుత్తుతో బెంగళూరులో వీధి దీపాలు వెలిగింది 1905 ఆగస్టులో. ఇవాళ అదే ఊళ్లో, ఎస్.పి. రోడ్డు దుకాణాల్లో చవగ్గా దొరికే నియాన్ టెస్టర్‌ను నమ్ముకుని ఎంతోమంది స్విచ్‌బోర్డులు విప్పుతున్నారు.

టెస్టర్ లోపల చిన్న నియాన్ బల్బు, దానికి వరసలో పెద్ద రెసిస్టర్ ఉంటాయి. మన ఒంటిగుండా నేలకు చేరే అతి స్వల్ప కరెంటుతోనే ఆ బల్బు వెలుగుతుంది. అందుకే రబ్బరు చెప్పులతో చెక్క స్టూలెక్కితే మసకబారవచ్చు. ఎండలో వెలిగినా కనిపించకపోవచ్చు. వెలగలేదు కదా అని తీగ పట్టుకోవడం ప్రాణాంతకం.

సాకెట్ రెండు రంధ్రాల్లోనూ టెస్టర్ వెలిగిందా? చాలాసార్లు అది న్యూట్రల్ తెగిన గుర్తు. ఆన్‌లో ఉన్న ఫ్యానో బల్బో గుండా ఫేజు అటువైపు చేరుతుంది.

డిజిటల్ మల్టీమీటర్‌ది మరో చిత్రం. ఎక్కడా కలపని తీగ మీద కూడా పదుల వోల్టులు చూపిస్తుంది. పక్కనున్న లైవ్ తీగ ప్రభావంతో వచ్చిన ఉత్తుత్తి వోల్టేజి అది. మీటర్ నిరోధం సాధారణంగా 10 మెగాఓములు కాబట్టి ఆ కాస్తా కనిపిస్తుంది. తక్కువ నిరోధంతో కొలిచే లో-జడ్ అమరికలో పెడితే పడిపోతుంది.

అంకెలు ఊగుతుంటే ముందు బ్యాటరీ మార్చండి. ఓమ్స్‌లో పెట్టి రెండు ప్రోబులూ ఆనించండి. సున్నా దరిదాపుల్లోకి రాకపోతే ప్రోబు తీగను అనుమానించాలి. ఆ తర్వాత మీటర్‌ను మళ్లీ ఏసీ వోల్టుల్లోకి మార్చి, కరెంటు ఉందని తెలిసిన సాకెట్‌లో ఒకసారి, పనిచేసే చోట ఒకసారి, మళ్లీ ఆ సాకెట్‌లోనే ఇంకోసారి చూడండి. ఆ మూడోసారి చూడటం మాత్రం మానకండి.