బావమరిది అప్పు... బావ గుమ్మంలో సమన్లు

పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్న రైతు చేతికి కోర్టు బంట్రోతు కాగితాలు అందించాడు. ట్రాక్టరు కొన్నది బావమరిది. కిస్తీలు ఎగ్గొట్టి ఊరు విడిచిందీ అతనే. కాని బ్యాంకు వేసిన దావాలో రెండో ప్రతివాది ఈ రైతు. తాను పైసా ముట్టలేదని, ఇంటిదాని మాట కాదనలేక హామీ సంతకం పెట్టానని ఆయన మొర. ఉన్నది మూడెకరాల మెరక. పెళ్లికి ఎదిగిన కూతురు. ఆ రాత్రి ఆ ఇంట పొయ్యి వెలగలేదు.

ఇలాంటి సంతకాలు పెట్టినవారు ప్రతి ఊరిలోనూ ఉన్నారు. సంతకం మాట సాయమని వారి నమ్మకం. చట్టం అలా అనదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, పత్రంలో వేరే షరతు లేకుంటే, అప్పు తీసుకున్నవాడికెంత బాధ్యతో హామీదారుకూ అంతే. ముందు అతని ఆస్తి చూసి తర్వాత నా దగ్గరకు రమ్మని హామీదారు పట్టుబట్టడానికి లేదని సుప్రీంకోర్టు 1968లోనే తేల్చింది.

కాగితాలు తీసుకోవద్దని, తలుపు వేసుకోమని రచ్చబండ దగ్గర సలహాలిచ్చినవారున్నారు. అదే కొంప ముంచే సలహా. తీసుకోకపోయినా అందినట్టే కోర్టు లెక్కించవచ్చు. వాయిదాకు వెళ్లకుంటే ఏకపక్షంగా డిక్రీ పడుతుంది. ఆపైన పొలం జప్తుకు వస్తుంది.

సాధారణ దావాలో సమన్లు అందిన 30 రోజుల్లో జవాబు దాఖలు చేయాలి. సరైన కారణముంటే కోర్టు 90 రోజుల వరకు గడువివ్వవచ్చు. అసలెంత, వడ్డీ ఎంత, జమ అయినదెంత అని లెక్క అడగాలి. అప్పు దావాలకు సాధారణంగా మూడేళ్లే గడువు కనుక అది దాటిందేమో ప్లీడరు చేత చూపించుకోవాలి. ఫీజు ఇచ్చుకోలేని పేదలకు, ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి 1987 చట్టం కింద ఉచిత న్యాయ సహాయం ఉంది. లోక్ అదాలత్‌లో రాజీకీ వీలుంది. డిక్రీ పడినా బతుకుతెరువుకు అవసరమైన సేద్యపు పనిముట్లు, పశువులు, విత్తనాలు జప్తు చేయరాదు.

హామీదారు కట్టిన సొమ్మును అప్పు తీసుకున్నవాడి నుంచి రాబట్టుకునే హక్కూ ఉంది. రసీదులు భద్రపరచుకోవాలి.

మన రైతు తలుపు వేసుకోలేదు. కాగితాలు సంచిలో పెట్టుకుని వాయిదాకు వెళ్లాడు. జవాబు దాఖలైంది. రాజీ మాటలు సాగుతున్నాయి. తమ్ముడు తిరిగొస్తే ముందు తానే నిలదీస్తానని ఇల్లాలు అంటోంది.