చేతి గడియారం వాయుగుండాన్ని పసిగడుతుందా?

దుబాయి నుంచో, అమెరికా నుంచో సెలవుకు వచ్చిన మీ అబ్బాయి చేతికి ఒక లావుపాటి గడియారం తొడిగి వెళ్లాడనుకుందాం. 'నాన్నా, ఇది వానను ముందే చెబుతుంది, ఎంత ఎత్తులో ఉన్నామో కూడా చూపిస్తుంది' అన్నాడు. పొద్దున పదింటికి అరుగు మీద కూర్చుని చూస్తే ఎత్తు 20 మీటర్లు. సాయంత్రం నాలుగింటికి అదే అరుగు మీద 50 మీటర్లు! అరుగు లేచి నడవదు కదా. గడియారం పాడైందనుకుని పెట్టెలో పడేయకండి. అది పనిచేస్తూనే ఉంది. దాన్ని చదవడమే మనకు తెలియాలి.

కాసియో ప్రోట్రెక్, సూంటో వంటి ఈ గడియారాల్లో ఎత్తు కొలిచే సాధనం విడిగా ఉండదు (జి.పి.ఎస్. ఉన్న ఖరీదైన రకాల సంగతి వేరు). లోపల ఉన్నది గాలి ఒత్తిడిని, అంటే వాయుపీడనాన్ని కొలిచే చిన్న పరికరం. మన నెత్తిన ఉన్న గాలి బరువే ఆ ఒత్తిడి. సముద్రమట్టం దగ్గర ఇది సగటున 1013 మిల్లీబార్లు. గడియారంలో హెక్టోపాస్కల్ అని ఉంటే కంగారు పడొద్దు, రెండూ ఒకటే. ఎనిమిది తొమ్మిది మీటర్లు పైకెక్కితే ఒక మిల్లీబారు తగ్గుతుంది. ఆ లెక్కను తిరగేసి గడియారం ఎత్తు చెబుతుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. కొండ ఎక్కినా పీడనం తగ్గుతుంది, వాతావరణం మారినా తగ్గుతుంది. ఏది ఎందుకు తగ్గిందో గడియారానికి తెలియదు. శృంగవరపుకోట నుంచి అరకు ఘాట్ ఎక్కే బస్సులో తుఫాను అలారం మోగినా మోగుతుంది. తుఫాను వచ్చే రోజున ఇంట్లో కూర్చుంటే మీ ఇల్లే కొండెక్కిందంటుంది.

మరి తుఫాను లేని రోజున అరుగు 30 మీటర్లు ఎందుకు లేచింది? సముద్రానికి పోటూ పాటూ ఉన్నట్టే గాలికీ ఉన్నాయి. ఎండ వేడికి పై వాతావరణంలో పుట్టే ఈ పోటు వల్ల మన ప్రాంతంలో రోజూ పొద్దున పదింటికి, రాత్రి పదింటికి పీడనం ఎక్కువగా ఉంటుంది. తెల్లవారుజాము నాలుగింటికి, సాయంత్రం నాలుగింటికి తక్కువగా ఉంటుంది. పగటి పూట తేడా మూడు నాలుగు మిల్లీబార్లు. చలిదేశాల్లో ఈ పోటు చాలా తక్కువ. ఈ గడియారాల్లోని మబ్బు, సూర్యుడి బొమ్మలు అక్కడి లెక్కకే కుదురుతాయి. మన దగ్గర నిప్పులు చెరిగే ఎండలో కూడా మధ్యాహ్నం మబ్బు బొమ్మ చూపించొచ్చు. ఆ బొమ్మను నమ్మి నూర్పిడి ఆపుకోవద్దు.

ఎలా చూడాలి?

బొమ్మలు, బాణం గుర్తులు వదిలేసి అంకె చూడండి. గడియారాన్ని ఇంట్లో ఒకే గూట్లో పెట్టి రోజూ ఉదయం 8.30కి, సాయంత్రం 5.30కి పీడనం ఎంతో నోటు పుస్తకంలో రాసుకోండి. ఉదయం అంకెను నిన్నటి ఉదయం అంకెతోనే పోల్చాలి, సాయంత్రం అంకెను నిన్నటి సాయంత్రం అంకెతోనే. అలా చేస్తే గాలి పోటు లెక్కలోంచి పోతుంది, అసలు మార్పు మిగులుతుంది.

మీ అంకె 1013 దగ్గర లేదని బెంగ వద్దు. సముద్రమట్టానికి సుమారు 350 మీటర్ల ఎత్తున్న అనంతపురంలో 970 అటూ ఇటూ ఉండడం మామూలే. పైగా జనవరిలో కంటే జులైలో కొంత తక్కువగా ఉంటుంది. ఒక ఏడాది రాసుకుంటే మీ ఊరి మామూలు అంకె ఏ నెలకు ఎంతో మీకే తెలుస్తుంది.

ఓడ నడిపేవాళ్లకు పాతకాలం నుంచీ ఒక లెక్క ఉంది. ఆ కాలానికి, ఆ వేళకు ఉండాల్సిన దానికంటే 3 మిల్లీబార్లు తగ్గితే అనుమానించాలి. 5 తగ్గితే దగ్గర్లో తుఫాను ఉన్నట్టే. కోస్తా రైతుకూ ఇదే లెక్క పనికొస్తుంది. సాయంత్రం నాలుగింటికి పడిన అంకె రాత్రి పదింటికి తిరిగి లేవకపోతే అదీ మంచి సూచన కాదు.

2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. సరిగ్గా వరి కోతల కాలం. అలాంటి రోజుల్లో ఒక్క పూట ముందు తెలిసినా ఎంతో మేలు. గడియారం అనుమానం చెప్పగానే రేడియోనో, ఫోన్లో వాతావరణ శాఖ బులెటిన్నో చూసుకోండి. తుఫాను ఖాయమైతే కోత ఆపండి. పనల మీద ఉన్న వరి ఆరి ఉంటే కుప్ప వేసుకోండి. తడిసిపోయి, గింజ మొలకెత్తే ప్రమాదం ఉంటే లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి పనల మీద పిచికారీ చేయాలి. ఇక గడియారం ఏమీ అనలేదు గదా అని శాఖ ఇచ్చిన హెచ్చరికను మాత్రం పెడచెవిన పెట్టొద్దు. తుఫాను దూరంగా ఉన్నన్నాళ్లూ మీ గూట్లో అంకె పెద్దగా కదలదు. శాఖవాళ్లు ఉపగ్రహంతో, రాడార్‌తో సముద్రం మీదే దాన్ని చూస్తారు.

వేసవిలో ఉన్నట్టుండి లేచే ఈదురుగాలి, పిడుగులు, వడగళ్లు, ఇవి దీనికి అందవు. ఒక్కోసారి ఆ చల్లగాలి తగలగానే పీడనం తగ్గడానికి బదులు పెరుగుతుంది. పిడుగుల సంగతికి ఫోన్లో దామిని యాప్ ఉంది. ఉరుము వినబడితే అదీ చూడక్కర్లేదు, చేలోంచి ఇంటికి రండి.

ఎత్తుతో, వేడితో పనేమిటి?

మడి చదును చేయడానికి ఈ గడియారం పనికిరాదు. అక్కడ అంగుళాల లెక్క, దీనికి మీటర్లే తెలుసు. నీళ్లు నింపిన గొట్టమే మేలు. బోరు ఎక్కడ వేయాలో అసలే చెప్పదు. అయితే ఏజెన్సీలోనో, గుట్ట వారగానో వాగు నీళ్లు పై చేనుకు తోడాలంటే ఉజ్జాయింపుగా ఎంత ఎత్తో తెలుసుకోవచ్చు. వాగు దగ్గర ఒకసారి, పైన ఒకసారి, పది పదిహేను నిమిషాల్లోపే చూడాలి. ఆలస్యమైతే గాలి పోటు లెక్క చెడగొడుతుంది. రెండు మూడుసార్లు ఎక్కి దిగి సగటు తీసుకోండి. ప్రతి 10 మీటర్లకూ మోటారు చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో ఒత్తిడి అదనంగా ఇవ్వాలి. గొట్టంలో రాపిడికి పోయేది వేరు.

వేడి చూడాలంటే గడియారం చేతికి ఉండకూడదు. ఉంటే అది మీ ఒంటి వేడి చెబుతుంది. విప్పి, నీడలో, గాలి తగిలేచోట, నాలుగైదడుగుల ఎత్తున అరగంట వేలాడదీసి అప్పుడు చూడాలి.

గడియారం పక్కన సన్నటి రంధ్రాలుంటాయి. అందులో బురద చేరితే అంకెలు తప్పుతాయి. పిన్నీసుతో పొడవకండి, మంచి నీళ్లతో కడిగితే చాలు. మందు కొట్టేటప్పుడు పెట్టుకోవద్దు.

ఇంతా చదివి వేలు పోసి కొత్తది కొనబోకండి. ఎకరం, రెండెకరాల రైతుకు ఆ డబ్బు విత్తనాలకో, టార్పాలిన్‌కో వస్తుంది. పీడనం కొలిచే పరికరం కొన్ని ఫోన్లలోనూ ఉంటుంది, మీ ఫోన్లో ఉందేమో పిల్లల్ని అడగండి. గడియారం ఇప్పటికే ఇంట్లో ఉంటే మాత్రం రేపు ఉదయం 8.30కి మొదటి అంకె రాయండి.